చిటికెడు కూడా లేని లోహం

మావయ్యకు పిచ్చుక నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. తిండి వేళకు దొరుకుతోంది. నిద్ర కూడా ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుందన్న నమ్మకం ఉంది. మరదలి పెళ్లికి రాలేదని మీకు నా మీద కోపంగా ఉందని తెలుసు. ఫొటోలో మీ పక్కన ఒక కుర్చీ ఖాళీగా వేయించి మరీ తీయించారు. చూశాను. మా ఆఫీసులో అందరికీ చూపించాను కూడా. "మీ మావయ్యగారు కుర్చీతో కూడా తిట్టగలరే!" అన్నాడు మా యంత్రం నడిపే ఆయన.

ఎందుకు రాలేకపోయానో ఇప్పుడు చెప్పొచ్చు. నా పని ఏమిటో మీకు ఏనాడూ సరిగ్గా చెప్పలేదు. ఊపిరి తగిలితే వణికేంత పల్చటి రేకు మీద ఒక బరువైన మూలకాన్ని పూతగా పూస్తాను. యంత్రం ఆ పూత మీదికి ఇంకో తేలికైన మూలకాన్ని మహావేగంగా విసురుతుంది. కోట్లకు కోట్ల దెబ్బలు గురి తప్పుతాయి. ఎప్పుడో ఒకసారి రెండూ అతుక్కుని, భూమ్మీద ఎక్కడా లేని కొత్త మూలకం పుడుతుంది. అది పుట్టేదాకా యంత్రం ఆగకూడదు, రేకు చిరగకూడదు, రేకులు చేసే మనిషి పెళ్లిళ్లకు వెళ్లకూడదు.

పుట్టింది మావయ్యా! ఇంతవరకూ ఎవరూ చేయని లోహం. మూలకాల పట్టికలో చివరి గడి పక్కన ఇంకో గడి గీయాలి. మా పెద్దమేడమ్ ఎప్పుడూ నవ్వని మనిషి. ఆవిడ నవ్వితే అందరం కంగారుపడి నీళ్లిచ్చాం.

అత్తయ్యకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ మేనకోడలు,
పిచ్చుక

తా.క.: ఇది ఇంకా బయట చెప్పకూడదు. ఇంట్లోవాళ్లకు మాత్రం చెప్పుకోవచ్చన్నారు. మీరు ఎవరికీ చెప్పరనే ధైర్యంతో రాస్తున్నాను.

*

చిరంజీవి పిచ్చుకను మావయ్య మనసారా దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివి కుంపటి ఆర్పేశాను. చేతిలో ఉన్న గాజు పక్కన పెట్టాను. బంగారం, వెండి, రాగి, ప్లాటినం, ఏది తెచ్చినా ఈ చేతులతో కరిగించాను. కానీ వాటిలో ఒక్కదాన్నీ పుట్టించింది నేను కాదు. మనింట్లో పెరిగిన పిల్ల లోహాన్నే పుట్టించిందంటే ఇంక నాకు పెళ్లి కోపం ఏముంటుంది? కొంచెం ఉంది, అంతే.

ఇప్పుడు పనికొచ్చే మాటలు మాట్లాడుకుందాం. రంగేమిటి? సుత్తితో కొడితే సాగుతుందా, పగులుతుందా? తీగ లాగొచ్చా? మెరుగు పెడితే ఎన్నాళ్లు నిలుస్తుంది? చెమట తగిలితే నల్లబడుతుందా? గీటురాయి మీద గీత ఎలా పడుతుంది? ఇవన్నీ మీ పెద్దమేడమ్ చూసి ఉండదు. చదువుకున్నవాళ్లకు గీటురాయి గుర్తుండదు. నువ్వే చూసి రాయి.

అన్నిటికన్నా మంచిది, ఒక ముక్క నాకు పంపడం. గోటంత చాలు. దూదిలో చుట్టి, అగ్గిపెట్టెలో పెట్టి, పైన దారం కట్టు.

ఆశీస్సులతో,
మీ మావయ్య

తా.క.: నేను ఎవరికీ చెప్పలేదు. మీ అత్తయ్యకు మాత్రం చెప్పాను. అందువల్ల ఇంకెవరికీ చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

*

మావయ్యకు పిచ్చుక నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. దానికి ముందే, మా వంటగది ఆవిడ చుట్టం ఒకరు మీ వీధిలో ఉంటారట, ఆవిడ దగ్గర్నుంచి వార్త కూడా అందింది. "మీరు వెండిలాంటిదేదో టన్నులకొద్దీ తీస్తున్నారటగా" అని నన్నే అడిగింది.

మావయ్యా, నింపాదిగా చదవండి. మేం చేసింది మూడు పరమాణువులు. టన్నులు కాదు, గోటంత కాదు. మీ గోటి కింద ఇరుక్కున్న దుమ్ములో ఉండే పరమాణువుల్ని లెక్కపెట్టాలంటే లోకంలో జనమంతా పనులు మానుకుని కూర్చున్నా బతుకులు సరిపోవు. అలాంటివి మూడంటే మూడు.

పైగా ఆ మూడూ ఇప్పుడు లేవు. పుట్టాయి, రెప్పపాటు కూడా ఆగకుండా పోయాయి. అంత బరువును అది మోయలేదు. లోపలి నుంచి ఒక చిన్న తునకను విసిరేసి కూతురిగా మారిపోతుంది. ఆ కూతురు కూడా నిలవదు, ఇంకో తునకను విసిరి మనవరాలవుతుంది. చివరికి ఎవరో ఒకరు రెండుగా చీలిపోతారు. ఆ తునకలు తగిలిన దెబ్బల్ని మా పరికరం పట్టుకుంటుంది. ఆ దెబ్బల వరస చూసి, మొదట వచ్చిందెవరో తెలుసుకుంటాం.

రంగు ఎవరికీ తెలియదు. ఊహించడమే. బంగారం పచ్చగా ఎందుకుంటుందో తెలుసా? బరువైన పరమాణువు కదా, దాని లోపలి ఎలక్ట్రాన్లు విపరీతమైన వేగంతో తిరుగుతాయి. దాంతో అది నీలం వెలుగును మింగేసి పసుపును బయటికి వదులుతుంది. ఆ వేగమే లేకపోతే వెండిలా తెల్లగా ఉండేది. మా దాంట్లో ఆ వేగం ఇంకా ఎక్కువ. అందుకే పట్టికలో పైగడి చుట్టాల పోలిక దీనికి వస్తుందో రాదో కూడా చెప్పలేం.

ఇట్లు,
పిచ్చుక

తా.క.: అత్తయ్య ఎవరెవరికి చెప్పిందో వాళ్లందరికీ "అబ్బే, అక్కడేమీ లేదు" అని చెప్పమనండి. అది దాదాపు నిజమే.

*

చిరంజీవి పిచ్చుకను మావయ్య దీవించి రాసేది.

ముందుగా ఒక మాట. బంగారం పచ్చగా ఉండేది అది బంగారం కాబట్టి. దాని కోసం లోపల ఎవరూ పరిగెత్తనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు నన్ను బాధపెట్టకూడదని సున్నితంగా రాశావు గానీ నాకు అర్థమైంది. మూడు చేశారు. మూడూ పోయాయి. పోవడమంటే ఏమిటమ్మా? వస్తువుకు కాళ్లుంటాయా? ఆ సమయానికి గదిలో ఎవరెవరున్నారు? తలుపు ఎవరి చేతిలో ఉంది? ఆ యంత్రం నడిపే ఆయన నా కుర్చీ గురించి మాట్లాడాడంటే, పని మీద అంత శ్రద్ధ ఉన్న మనిషిలా లేడు.

మా దుకాణంలో సాయంత్రం కాగానే నేల ఊడ్చి ఆ దుమ్ము సంచిలో దాస్తాం. చేతులు కడిగిన నీళ్లు కూడా పారబోయం. ఏడాదికోసారి ఆ దుమ్మంతా కాల్చి కరిగిస్తే అందులోంచి కూడా బంగారం వస్తుంది. మీరు నేల ఊడ్చారా? బల్ల కింద చూశారా? నీ చీర కుచ్చెళ్లు దులిపావా? మూడింట్లో ఒకటైనా దొరుకుతుంది. కంగారుపడకు. నేను దీన్ని ఎవరికీ చెప్పను. పోయిందని తెలిస్తే మీ ఆఫీసు పరువే పోతుంది.

ఆశీస్సులతో,
మావయ్య

తా.క.: నీ ఉత్తరంలో కూతురు, మనవరాలు అన్న చోట మీ అత్తయ్య కూలబడిపోయింది. నువ్వెవరో కూతురూ మనవరాలూ ఉన్న పెద్దాయన్ని చేసుకోబోతున్నావని తేల్చింది. "మనిషి మంచివాడైతే చాలు, కానీ మనవరాలంటే మరీ పెద్ద వయసు కదండీ" అంటోంది. నేనేం చెప్పాలి?

*

మావయ్యకు పిచ్చుక నమస్కారాలు.

అత్తయ్యకు చెప్పండి, పెద్దాయనా లేడు, చిన్నాయనా లేడు. కూతురంటే పరమాణువు మారగా వచ్చిన ఇంకో పరమాణువు. మా భాషలో అలా అంటాం. ఆ మాట రాసిన రోజున నాకు బుద్ధి లేదు.

నేను చీర కట్టను మావయ్యా, తెల్ల కోటు వేసుకుంటాను. అది దులిపాను. మీ మాట కాదనలేక.

ఎవరూ ఏమీ దొంగిలించలేదు. మంచు పలుకు అరచేతిలో పడి కరిగిపోతే దొంగ ఎవరని అడుగుతామా? ఇదీ అంతే.

మీకు చెప్పుకోవాలనిపిస్తున్న కష్టం ఇంకోటి ఉంది. దూరదేశంలో మరో ప్రయోగశాల ఉంది. వాళ్లు మా కన్నా ముందే అదే మూలకం చేశామంటున్నారు. వాళ్ల దగ్గర కనిపించింది ఒక్కటే. తీర్పు చెప్పే కమిటీ ఒకటుంది. మా మూడూ వాళ్లకు ఆనలేదు, ఇంకోటి చూపించమన్నారు. యంత్రం మాకిచ్చిన గడువు అయ్యేదాకే మాది. ఆ తర్వాత వేరేవాళ్ల వంతు. ఈలోగా నా రేకులు చిరుగుతున్నాయి. దెబ్బల వేడికి పూత ముడతలు పడి, చిల్లు పడుతోంది. నిన్న ఒకటి చిరిగి యంత్రం ఆపాల్సి వచ్చింది. ఎవరూ నన్నొక్క మాట అనలేదు. అందరూ చాలా మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశారు. నాకు అన్నం సయించలేదు.

ఇట్లు,
పిచ్చుక

తా.క.: పేరేమిటని అడుగుతారేమో, ఇంకా లేదు. ఎవరు ముందు చేశారో తేలితే పేరు పెట్టే హక్కు వాళ్లది. అప్పటిదాకా అంకెతో పిలుస్తాం.

*

చిరంజీవి పిచ్చుకను మావయ్య దీవించి రాసేది.

అన్నం మానకు. రేకుదేముంది, ఇంకోటి చేస్తావు.

ఇప్పుడు నాకు మొత్తం తెలిసిపోయింది. మీ దగ్గర మూడు పోయాయి. వాళ్ల దగ్గర ఒకటి దొరికింది. ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి? ఒకటి బయటపెట్టాడు, రెండు దాచుకున్నాడు. అక్కడి పెద్ద ఎవడో గానీ మహా గట్టివాడు. మంచు పలుకంటావేమిటమ్మా? కరిగినా నీళ్లుంటాయి కదా! నువ్వు అమాయకురాలివి. మీ అమ్మా అంతే. ఆ కమిటీవాళ్లకు ఒక ఉత్తరం రాయమంటే రాస్తాను. నా చేతిరాత బాగుంటుంది.

నీ రేకు సంగతి ఆలోచించాను. నేను రేకు ముడత పడకుండా తేనెమైనం రాసి, నెమ్మదిగా వేడి చూపిస్తాను. నువ్వూ అలా చెయ్యి. పోస్టులో మైనం ముద్ద పంపుతున్నాను.

ఇక్కడ చిన్న ఇబ్బంది ఒకటి వచ్చింది. పోస్టుమాస్టరు వాళ్ల అమ్మాయికి పెళ్లి. ఉంగరం కొత్త లోహంతోనే కావాలని పట్టుబట్టాడు. "ఇంకా రాలేదండీ" అన్నాను. "వచ్చాకే చెయ్యండి, మాకు తొందర లేదు" అన్నాడు. పెళ్లికొడుకు వైపువాళ్లకు తొందరగానే ఉందట. ఇది చూసి ఎదురు దుకాణం వాడు "కొత్త లోహం మా దగ్గర కూడా" అని బోర్డు కట్టాడు. వాడి దగ్గర ఏముందో నాకు తెలుసు. సీసం, ధైర్యం.

ఆశీస్సులతో,
మావయ్య

తా.క.: అంకె పేరేమిటమ్మా, అదేమన్నా ఖైదీనా? పేరు గురించి వీధిలో అందరం కూర్చుని మాట్లాడాం. మంగలాయన వీధి పేరు పెట్టమన్నాడు. మీ అత్తయ్య వాళ్లమ్మ పేరు పెట్టమంది. "రెప్పపాటు కూడా ఉండదట" అని గుర్తుచేశాను. "అయితే మీ అమ్మ పేరు పెట్టుకోండి" అంది.

*

మావయ్యకు పిచ్చుక నమస్కారాలు.

ఇన్ని నెలలు రాయనందుకు కోప్పడకండి. రాయడానికి చెయ్యి రాలేదు.

మీ మైనం అందింది. పనికిరాని రేకు ఒకటి తీసి, మీరు చెప్పినట్టే రాసి వేడి చూపించాను. రేకు మాయమైంది, పొగ మిగిలింది. ప్రమాద గంట మోగింది. మా భవనంలో ఉన్నవాళ్లంతా బయటికి పరుగెత్తి పచ్చిక మీద నిలబడ్డారు. పెద్దమేడమ్ ఒక కాలికి చెప్పుతో వచ్చింది. "ఏం రాశావు?" అంది. "తేనెమైనం" అన్నాను. "ఎందుకు?" అంది. "మా మావయ్య చెప్పాడు" అన్నాను. ఆవిడ చెప్పు లేని కాలి వైపు చూసుకుంది.

యంత్రం వేరే భవనంలో తన పాటికి నడుస్తూనే ఉంది. మేమంతా పచ్చిక మీద ఒకరినొకరు చూసుకుంటున్నప్పుడు, అక్కడ నాలుగోది వచ్చింది. తిరిగి లోపలికి వెళ్లేసరికి తెర మీద దెబ్బల వరస కనిపించింది. కూతురు, మనవరాలు, మునిమనవరాలు, ఎవరి చోట్లో వాళ్లున్నారు. యంత్రం నడిపే ఆయన కళ్లు తుడుచుకుని, పొగ వల్ల అన్నాడు. పొగ అప్పటికే పోయింది.

ఇన్నాళ్లకు కమిటీ తీర్పు వచ్చింది. మా నాలుగోది నిజమే అన్నారు. అది నిజం కావడంతో, అదే పోలికలతో ఉన్న వాళ్ల ఒక్కటి కూడా నిజమని తేలింది. వాళ్లది ముందు వచ్చింది. కాబట్టి కనుక్కున్నది వాళ్లు. పేరు పెట్టేదీ వాళ్లే. మా కష్టమంతా వాళ్లు సరిగ్గానే చెప్పారని చూపించడానికి పనికొచ్చింది.

పెద్దమేడమ్ అందరినీ ఇళ్లకు వెళ్లి నాలుగు రోజులు పడుకోమంది. నేను వెళ్లలేదు. నా గదిలో రేకులు కత్తిరిస్తూ కూర్చున్నాను. దేనికో తెలియదు. మరదలి పెళ్లి కూడా పోగొట్టుకున్నాను కదా అనిపించింది.

అత్తయ్యను అడిగానని చెప్పండి.

పిచ్చుక

*

చిరంజీవి పిచ్చుకను, మీ ఆఫీసు గేటు బయట బల్ల మీద కూర్చుని మావయ్య దీవించి రాసేది.

కంగారుపడకు. గేటు దగ్గరే ఉన్నాను. మీ అత్తయ్య కూడా ఉంది. నీ ఉత్తరం కింద తా.క. లేకపోవడం చూసి, నేను కళ్లజోడు తీసేలోపే ఆవిడ సంచి సర్దేసింది. దుకాణం మూశాను. పోస్టుమాస్టరుకు నిజం చెప్పేశాను, ఆ లోహం దొరకదు, దొరికినా వేలికి తొడిగేలోపు ఉండదని. "అయితే బంగారమే కానివ్వండి, మా అల్లుడు కూడా ఎక్కువసేపు ఆగేరకం కాదు" అన్నాడు.

మీ గేటువాళ్లు నా సంచి విప్పించారు. పటకారు, ఊదుగొట్టం, గీటురాయి, ఆమ్లం సీసా చూసి నలుగురు నా చుట్టూ నిలబడ్డారు. బంగారం పనివాణ్ని, ఇవి లేకుండా గడప దాటనని చెప్పాను. సీసా తీసేసుకుని, లోపల కబురు చెబుతాం, బల్ల మీద కూర్చోమన్నారు.

బల్ల మీద అప్పటికే ఒకాయన ఉన్నాడు. తెల్ల గడ్డం, నలిగిన కోటు, ఒళ్లో చిన్న పెట్టె. ఆయనకూ లోపలికి వెళ్లే చీటీ ఇంకా రాలేదట. మనిషి నెమ్మదస్తుడు. ఊరికే కూర్చోవడం దేనికని ఆయనకు నీ కథంతా చెప్పాను. మూడు పోవడం, అవతలివాడి దగ్గర ఒకటి తేలడం, పేరు కూడా వాడే పెట్టుకోవడం. దొంగ అన్నాను. ఇంకా కొన్ని అన్నాను, అవి నీకు రాయను. ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు.

"ఆ దొంగ ఎలా ఉంటాడండీ?" అని అడిగాడు.

"నేను చూడలేదు గానీ, ఎదురుపడితే ఇట్టే పోల్చుకుంటాను" అన్నాను.

"అలాగా" అని ఒళ్లో పెట్టె సర్దుకున్నాడు. తర్వాత, "మీ అమ్మాయి రేకు మీద ఆ నాలుగోది రాకపోతే, మా ఒక్కదాన్ని ఎవరూ నమ్మేవారు కాదండీ. నిజం చెప్పాలంటే మాకే నమ్మకం ఉండేది కాదు" అన్నాడు.

మా ఒక్కదాన్ని అన్నాడమ్మా. ఆ ‘మా’ దగ్గర నాకు తెలిసిపోయింది, దొంగ ఈయనేనని. మీ అత్తయ్య నా మోచేతి మీద గిల్లింది. అప్పటికే ఆలస్యమైంది. ఆయన తనెవరో చెప్పేలోపు ఆయన్ని గురించి ఆయనకే చాలా చెప్పేశాను.

మన తెలుగువాడేనట, చదువు కోసం వెళ్లి ఆ దేశంలోనే ఉండిపోయాడట. కోప్పడలేదు. పైగా ఓపిగ్గా మొత్తం విడమరిచి చెప్పాడు. దాచుకోవడానికి అది నిలిచే వస్తువు కాదని, ఎవరిది వాళ్ల దగ్గరే పుట్టి అక్కడే పోయిందని, ఒక చోట ఒకసారి కనిపించింది ఇంకోచోట మళ్లీ కనిపిస్తేనే అది నిజమని. నువ్వు రాసిందే చెప్పాడు. అయినా పరాయివాడు చెబితే బుర్రకు ఎక్కుతుంది. బంగారం ఎందుకు పచ్చగా ఉంటుందో కూడా చెప్పబోయాడు. వద్దన్నాను.

ఆయన వచ్చింది దేనికో తెలుసా? పేరు మేమొక్కళ్లమే పెట్టడం మాకు బాగాలేదు, రెండు ప్రయోగశాలలూ కలిసి కూర్చుని పెడదాం అని మీ పెద్దమేడమ్‌ను అడగడానికి. ఉత్తరంలో అడిగితే మొహమాటానికి సరే అంటారేమోనని స్వయంగా వచ్చాడట. ఇంకో పని కూడా ఉంది. ఆ పెట్టెలో వాళ్ల రేకులున్నాయి. అన్నీ చిరిగినవే. "ఆ అమ్మాయిని ఒకసారి కలిస్తే మా వాళ్లకు నేర్పుతుందేమోనని" అన్నాడు. నేను తేనెమైనం గురించి నోరు మెదపలేదు. నాకూ బుద్ధి ఉంది.

పిచ్చుకా, పెళ్లికి రాలేదన్న బాధ ఇక వదిలెయ్యి. నేను వదిలేశాను. వాళ్ల లోహానికి నీ రేకే గీటురాయి అయింది, అందుకే ఇంత పెద్దమనిషి దేశాలు దాటి వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు. నేను నీ లోహం చూడ్డానికి రాలేదు. నిన్ను చూసి, నీతో కలిసి అన్నం తిని వెళ్దామని వచ్చాను.

ఈ కాగితం గేటు అతనికి ఇస్తున్నాను. తొందరగా రా.

ఆశీస్సులతో,
మావయ్య

తా.క.: పేరు విషయంలో నేను ఒక్క మాటా చెప్పలేదు. మీ అత్తయ్య ఆరు చెప్పింది. ఆయన ఆరూ రాసుకున్నాడు.

ఇంకో తా.క.: మా డబ్బాలో తెచ్చుకున్నది ఆయనకు సగం పెట్టాం. మొహమాటపడుతూ తింటున్నాడు. నెమ్మదిగా తినమన్నాను. పాపం, ముందు నా తిట్లు అరగాలి కదా.